పులస బొమ్మ లైట్లతో నా తిప్పలు

మా హోటలు ప్రాజెక్టు లీడ్ (హరిత భవనాలకిచ్చే గుర్తింపు) ఎనర్జీ లెక్కలు నిన్ననే పాసయ్యాయి. యాష్రే 90.1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం ఉండే ఊహా భవనాన్ని (బేస్‌లైన్) మన భవనంతో కంప్యూటర్ మోడల్‌లో పోల్చి, ఎంత ఆదా అయిందో చూపే లెక్కలివి. రావులపాలెం దగ్గర సైటు. ఏసీలు, అద్దాలు, పార్కింగ్ లైట్లు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ప్రాణం తీసింది గేటు ముందున్న స్టీలు పులస చేప బొమ్మ.

దాని చుట్టూ నేలలో ఎనిమిది స్పాట్‌లైట్లు. వాటేజీ కాయితం ఎవరి దగ్గరా లేదు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "మామూలు లైట్లేనండి, ఆయ్" అన్నాడు. చివరికి ఒకదాని మూత విప్పించాను. గుప్పెడు చచ్చిన దీపం పురుగులు, వాటి కింద స్టిక్కరు: 30 వాట్లు. రోజుకు ఐదు గంటల చొప్పున అన్నీ కలిపి ఏడాదికి 438 యూనిట్లు.

అసలు గొడవ వీడియో కాల్‌లో. ఓనరుగారు సిటీ నుంచి పెట్టుకున్న కన్సల్టెంటు, "యాష్రే 90.1 2010లో మూడో లైటింగ్ జోనుకి 750 వాట్ల బేస్ సైట్ అలవెన్సు, అంటే బయటి లైట్లకి సైటు మీద ఇచ్చే వెసులుబాటు, ఉంది. బేస్‌లైన్‌లో 750, మనది 240 రాసెయ్యండి, ఆదా వచ్చేస్తుంది" అన్నాడు. కుదరదండీ, అది పరిమితి దాటామా లేదా చూసుకోడానికి, మోడల్‌లో పార్కింగ్, నడకదారి లాంటి ట్రేడబుల్ (ఒకచోట మిగిలిన వాట్లు ఇంకోచోట వాడుకోగల) జాగాలకే యాష్రే పట్టికలోని అంకె, మిగతా బయటి లైట్లు రెండు వైపులా ఒకేలా ఉండాలి అన్నాను. "అపెండిక్స్ జీ మీ ఊరిదాకా వచ్చిందా?" అని, ఈ మోడల్ లెక్కల నియమాలుండే యాష్రే అనుబంధం పేరెత్తి నవ్వాడు. ఓనరుగారూ నవ్వారు. పక్కన మా కుర్రాడు తలెత్తలేదు.

ఆర్కిటెక్టు ఇంకో మెట్టెక్కి, కళాఖండం కాబట్టి ఆ లైట్లని లెక్కలోంచి అసలు తీసేయమన్నాడు. మినహాయింపు పబ్లిక్ స్మారకాలకీ, నమోదైన చారిత్రక కట్టడాలకీ, అదీ విడిగా కంట్రోల్ ఉంటే. ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహమైతే వాదించొచ్చు, హోటలు పులసకేం వాదిస్తాం? మినహాయింపు వచ్చినా అది వాట్ల పరిమితికే, కాలే కరెంటు మోడల్‌లో ఉండాల్సిందే.

వాళ్ళ ఏడుపు నాకు తెలుసు. రెండు వైపులా ఒకే అంకె కలిస్తే ఆదా శాతం తగ్గుతుంది. 100కి 70 అంటే 30 శాతం, చెరో 10 కలిపితే 27 చిల్లర. మనకి తగ్గేది అంత కూడా కాదు.

ముందు కన్సల్టెంటు లెక్కే పంపారు. ఆ 750కి ఆధారం చూపమని లీడ్ తరఫున లెక్కలు చూసే రివ్యూయరు తిప్పికొట్టాడు. తర్వాత నాది వెళ్ళింది, ఒక్క ప్రశ్న రాలేదు. మీరు చేస్తుంటే బొమ్మ లైట్లని విడి వరుసలో, టైమరు వేళలతో సహా చూపించండి. వాటేజీ కాయితం చేతికొచ్చాకే సప్లయరుకి డబ్బివ్వండి.

కన్సల్టెంటుగారి రెండో వాయిదా డబ్బు మాత్రం మాకంటే ముందే వెళ్ళిందట. అకౌంటెంటే చెప్పాడు.