పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద

పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడతాను. పైపళ్ళు అయ్యేదాకా ఎడమకాలు, కిందపళ్ళకి కుడికాలు. చూసేవాళ్ళకి కొంగలా కనిపిస్తాను కాబోలు. ఎడమకాలు బుద్ధిగా నిలబడుతుంది. కుడికాలి చీలమండ మాత్రం సన్నగా వణుకుతూనే ఉంటుంది, వేళ్ళు నేలని పట్టుకోవడం తెలుస్తూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ నిలకడ తగ్గుతుంది కాబట్టి ఇది కావాల్సిన సాధనే. దానికని విడిగా టైం పెట్టుకోమంటే నావల్ల కాదు. పళ్ళు ఎలాగూ తోముకోవాలి కదా, దానికే తగిలించేశాను.

కొత్త అలవాటుకి 21 రోజులు చాలని అందరూ అంటుంటారు. ఆ లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసినదాంట్లోంచి వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి ఆ 'కనీసం' ఎగిరిపోయింది! తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందితో చేసిన పరిశీలనలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. ఒకరికి 18 సరిపోతే, ఇంకొకరికి 254 పట్టొచ్చు. మధ్యలో ఒకరోజు మానేసినా పెద్ద తేడా రాలేదట. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒక్కరోజు తప్పితే లెక్కని మళ్ళీ సున్నాకి తెచ్చే యాప్‌ని ఆరోజే ఫోన్లోంచి తీసేశాను.

నడక కూడా అంతే. ఒక్కసారికి పది నిమిషాలైనా ఉండాలన్న షరతుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఎత్తేసింది, కాబట్టి తుంపులు తుంపులుగా నడిచినా లెక్కే. పని దగ్గర పెద్ద నీళ్ళ సీసా పెట్టుకోను, గ్లాసుతోనే తాగుతాను. గ్లాసు తొందరగా ఖాళీ అవుతుంది, లేవక తప్పదు.

ఒంటి సంగతి తేలికే, పేచీ అంతా మనసుతోనే. రాత్రి అలారం పెట్టాక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాస్తాను. 'ఈరోజు చిరాకుగా ఉంది' అని రాస్తే ఏమీ దిగదు. 'నేను చెబుతుంటే మధ్యలో అందుకుని, అదే మాట తనదన్నట్టు చెప్పాడు' అని రాస్తే పెన్ను మూత పెట్టేలోపే సగం బరువు దిగిపోతుంది. పేరు మాత్రం రాయను, ఎవరైనా చదివితే కొంప మునుగుతుంది. రోజూ మూడు మంచి విషయాలు రాసుకోమని కూడా చెబుతారు. కొందరికి పనిచేస్తుందేమో గానీ, నాకు మాత్రం మూడోది వెతుక్కోవడంతోనే నిద్ర ఎగిరిపోయేది.

ఇక కొన్ని ఫోన్లుంటాయి, పేరు చూడగానే భుజాలు చెవులదాకా లేస్తాయి. అవి వెంటనే ఎత్తను. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే రెండు రింగులు పోనిచ్చి, పీల్చినదానికంటే మెల్లగా వదులుతాను. ఈ అలవాటుకి గుర్తు పెట్టుకునే పని కూడా లేదు, వాళ్ళే ఫోన్ చేసి గుర్తుచేస్తారు. "ఎత్తడానికి ఇంతసేపా?" అని అడిగితే, చేతులు తడిగా ఉన్నాయంటాను.