తాళం వదిలేసిన గొంతు

ఇటలీలోని మాంతువా వెళ్లేవాళ్లలో చాలామంది మాంతెన్యా వేసిన గోడ చిత్రాల కోసం వెళ్తారు. మా ఆయన కూడా అందుకే బయల్దేరారు. నాకేమో ఆ చిత్రాలున్న గొంజాగా ప్రభువుల భవనంలో 1607లో సంగీతకర్త మోంతెవెర్ది తన ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, ‘ఓర్ఫెయో’ పాడించిన చోటు చూడాలని. ఏ గదిలో పాడించారన్నది నేటికీ తేలలేదట. గది తర్వాత గది తిరుగుతుంటే కాళ్లు లాగేశాయి.

ఆ ఒపేరాలో ఒక చోటు నాకు ప్రాణం. గొల్లలంతా ఆడిపాడుతుంటే, ఓర్ఫెయో భార్య పాము కాటుకి పోయిందని ఒకామె కబురు తెస్తుంది. ఆమె నోరు తెరిచేసరికి వెనక మిగిలేవి చెక్క గొట్టాల ఆర్గాన్, పొడవాటి మెడ ఉన్న కిటరోనే అనే తీగ వాద్యం, అంతే. ఏ వాయిద్యం వాడాలో స్వరప్రతిలోనే అచ్చువేశారు. విన్న ఓర్ఫెయోకి ముందు ‘అయ్యో’ తప్ప మాట రాదు. అదే ఏడు సెప్టెంబరులో మోంతెవెర్ది భార్య క్లౌదియా చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన మరో ఒపేరా ‘అరియాన్నా’లో నాయికగా పాడాల్సిన అమ్మాయిని మశూచి తీసుకుపోయింది. ఆ ఒపేరా సంగీతంలో ఇప్పుడు మనకు దక్కింది నాయిక విలాపం ఒక్కటే.

వెనిస్‌లో దిగి, పడవ బస్సులో సాన్ తోమా రేవుకి వెళ్లి, అక్కడి నుంచి ఫ్రారి చర్చికి నడిచాం. లోపలికి వెళ్లినవాళ్లంతా తిషియన్ చిత్రం ముందు మెడలెత్తి నిలబడుతున్నారు. మోంతెవెర్ది సమాధి పెద్ద పీఠానికి ఎడమవైపు చిన్న గదిలో ఉంది. 1613లో సాన్ మార్కో చర్చి సంగీతానికి అధిపతిగా ఈ ఊరొచ్చి, 1643లో ఇక్కడే పోయాడు. నేలలో ఒక రాతి పలక, దాని మీద ఎవరో పెట్టిన పూలు.

సాయంత్రం చిన్న చర్చిలో కచేరీ. నేను ఎదురుచూసింది ‘లామెంతో దెల్లా నిన్ఫా’ కోసం. ప్రియుడు వదిలేసిన వనకన్య ఏడుపు అది, 1638లో అచ్చయింది. కింద మంద్రంలో, అంటే బాస్‌లో, నాలుగే స్వరాలు, మెట్టు మెట్టుగా దిగుతాయి. మళ్లీ మొదటికొచ్చి మళ్లీ దిగుతాయి, ముప్పై నాలుగు సార్లు. వాటి మీద ఆమె గొంతు ఎక్కడా కుదురుగా కూర్చోదు. వాక్యం ముగియాల్సిన చోట ముగియదు, బాస్ మారిపోయాక కూడా పాత స్వరాన్నే పట్టుకు వేలాడుతుంది. ఆ రాపిడే ఏడుపు. ఇలాంటి అపస్వరాలు శాస్త్రం ఒప్పుకోదని ఆర్తూజి అనే పండితుడు 1600లోనే పుస్తకం వేసి మరీ తిట్టాడు. సాహిత్యం చెప్పినట్టే సంగీతం నడవాలన్నది మోంతెవెర్ది పక్షం.

ఈ పాటలో ఆమెతో పాటు ముగ్గురు మగవాళ్లు పాడతారు. వాళ్లు చేతి తాళానికి పాడాలి, ఆమె మాత్రం మనసు నడిచినట్టు పాడాలి అని మోంతెవెర్ది అచ్చులోనే సూచన ఇచ్చాడు. తాళం తప్పని కచేరీలు విని పెరిగిన నాకు ఇది భలే సాహసం అనిపించింది. మన నాట్యంలో పదం పాడేటప్పుడు అభినయానికి ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడతారు కదా, అక్కడ భావం మారుతుంటే తాళం కాస్తుంది. ఇక్కడ తాళం నడుస్తూనే ఉంటుంది, ఆమె దాని మాట వినదు.

ఆ సాయంత్రం పాడినావిడ నిజంగానే వెనకబడింది. రెండు చోట్ల బాస్ దాటిపోయాక తాపీగా అందుకుంది. మధ్యలో మగ గొంతులు ‘పాపం, పిచ్చిది’ అని జాలిపడుతుంటాయి. పక్కన కూర్చుని ఓదార్చేవాళ్లు కాదు, దూరం నుంచి చూసేవాళ్లు. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది. చివరికి ఆమె ఆగిపోతుంది, ఆ నాలుగు స్వరాలూ ఆగిపోతాయి. ప్రేమ ప్రేమికుల గుండెల్లో మంటనీ మంచునీ కలుపుతుందని మగవాళ్లే చెప్పేసి పాట ముగిస్తారు. ఆమెకి ఏమైందో ఎవరూ చెప్పరు.

మా ఆయన ‘అయిపోయిందా?’ అన్నారు. జనం కూడా చప్పట్లకి కాసేపు తటపటాయించారు.