ఎలెక్-ట్రాక్ వెనక జనరేటర్ ఎక్కించా, ఇప్పటిదాకా అయిన పని

మేముండేది ఒహాయోలో, నా దగ్గరున్నది జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల ఎలెక్-ట్రాక్ ఈ15, 1970ల నాటి బ్యాటరీ ట్రాక్టర్. 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు ఆరు, మొత్తం 36 వోల్టులు, 220 ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క). గడ్డి కొయ్యడానికి గంటన్నర లాగుతుంది, మా స్థలానికి ఇంకో అరగంట కావాలి, చలికాలం స్నో బ్లోయర్ (మంచు ఎత్తి చిమ్మే యంత్రం) తగిలిస్తే చలికి బ్యాటరీలు ఇంకా ముందే చేతులెత్తేస్తాయి. అందుకే వెనక ఒక చిన్న 1000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ పెట్టేద్దామనుకున్నా, బరువు 13 కిలోలే. ఫోన్లో నాన్నకి చెప్తే "కరెంటు బండికి మళ్ళీ పెట్రోలెందుకురా" అన్నారు, ఆయన తెనాలిలో కూర్చుని అంటారు గానీ సగం గడ్డి కోసి ఆగిపోతే తెలిసేది.

మొదట గ్యారేజీలో ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్‌ని జనరేటర్‌కి తగిలించా. ఆన్ చేసిన రెండు సెకన్లకే ఓవర్‌లోడ్ లైటు వెలిగి ఆగిపోయింది. బ్యాటరీకి వెళ్ళేది 700 వాట్లే అయినా పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) దరిద్రంగా ఉండి చార్జర్ లాగే ఆంప్స్ చాలా ఎక్కువ. తర్వాత ఒక స్మార్ట్ చార్జర్ తెచ్చా, అదింకో తలనొప్పి, పెడల్ తొక్కగానే వోల్టేజీ దిగిపోవడం చూసి బ్యాటరీ పాడైందనుకుని ఎర్రర్ చూపించి పడుకుంటుంది.

చివరికి పనికొచ్చింది వోల్టేజీ, కరెంటు రెండూ మనమే సెట్ చేసుకునే మామూలు పవర్ సప్లై. 18 ఆంప్స్ దగ్గర లిమిట్ పెట్టా, వోల్టేజీ 43.7, మధ్యలో వేసిన షాట్‌కీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) అర వోల్టు తినేశాక బ్యాటరీకి 43.2 అందుతుంది, అంటే మొత్తం 18 సెల్లుల్లో ఒక్కోదానికి 2.4. డయోడ్ లేకపోతే జనరేటర్ ఆపినప్పుడు బ్యాటరీ కరెంటు సప్లైలోకి వెనక్కి పోతుంది. డయోడ్‌కి హీట్‌సింక్ (వేడి లాగేసే లోహపు రెక్కలు) మర్చిపోవద్దు, నేను మర్చిపోయి వేలు కాల్చుకున్నా. బ్యాటరీ ప్లస్ దగ్గరే 30 ఆంప్స్ ఫ్యూజు. జనరేటర్ ఎకో మోడ్ (లోడుని బట్టి ఇంజను వేగం తగ్గించేది) ఆఫ్‌లో ఉంచా, లోడు ఎక్కీ దిగుతుంటే ఇంజను తడబడుతోంది.

స్టాండ్ యాంగిల్ ఐరన్‌తో వెల్డింగ్ చేశా, కింద నాలుగు రబ్బరు బుష్‌లు. సైలెన్సర్ బయటికి తిరిగి ఉండాలి, చార్జింగ్‌లో లెడ్ యాసిడ్ బ్యాటరీలు హైడ్రోజన్ వదుల్తాయి కదా, వేడి, నిప్పురవ్వ ఆ పక్కకి రాకూడదు.

నిన్న కోసి చూశా. గడ్డి దట్టంగా ఉన్నచోట బ్యాటరీ నుంచి పోయే కరెంటు చూపించే మీటరు ముల్లు 70 ఆంప్స్ మీద వణుకుతూ ఉండేది, ఇప్పుడు 52 దగ్గర నిలబడుతోంది. అంటే జనరేటర్ బండిని నడపట్లేదు, ఖాళీ అవ్వడాన్ని నెమ్మది చేస్తోంది అంతే. 95 నిమిషాలు వచ్చేది 130 దాకా వచ్చింది, తోట మొత్తం అయిపోయింది. మధ్యలో అన్నం తినే అరగంట ఆన్‌లో వదిలేస్తే వచ్చేది 9 ఏహెచ్చే, దానికోసం పెట్రోలు తగలెయ్యడం దండగ.

ఇంకా మంచు పడకముందే జనరేటర్ గాలి పీల్చుకునే వైపు రేకు మూత చెయ్యాలి, బ్లోయర్ చిమ్మే మంచు గాలివాటున సరిగ్గా అక్కడికే వస్తుంది.