మాత్రలో మందుందో లేదో తెలియని కాలం: కొలైటిస్ ట్రయల్‌లో నా అనుభవం

అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే రోగం) మందులు దొరక్క నేను క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త మందుని మనుషుల మీద పరీక్షించే పరిశోధనలో, చేరలేదు. మందులు చాలానే ఉన్నాయి. అవి నా దగ్గర ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం మానేశాయి. మొదట పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, వాటితో పాటు మలద్వారం గుండా ఎక్కించే ఎనిమాలు. కొంతకాలం బాగానే నడిచింది. మళ్ళీ రక్తం పడటం మొదలవగానే స్టెరాయిడ్ వేశారు. స్టెరాయిడ్ మొదలైన వారంలో రోగం పారిపోయిందనే అనిపిస్తుంది, డోసు తగ్గించేటప్పుడు దాని అసలు రంగు తెలుస్తుంది. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ కలిపారు, చాల్లేదు. తర్వాత నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఏడాదికి పైగా బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కోకుండా బయట తిరగగలిగానంటే దాని పుణ్యమే. కానీ నా ఒంట్లో ఆ మందునే శత్రువనుకుని అడ్డుకునే యాంటీబాడీలు తయారయ్యాయి. రక్తపరీక్షలో మందు జాడ లేదు, యాంటీబాడీలు మాత్రం దండిగా ఉన్నాయి.

అప్పుడు డాక్టర్ గారు రెండు దారులు చూపించారు. ఆమోదం పొందిన మరో మందుకి మారడం ఒకటి. పరిశోధనలో ఉన్న ఒక మాత్ర మూడో దశ ట్రయల్, అంటే ఆమోదానికి ముందు ఎక్కువమంది మీద చేసే పరీక్ష, రెండోది. ఆ మాత్ర పేరు ఇక్కడ రాయడం లేదు, ఫలితాలు ఇంకా బయటికి రాలేదు కాబట్టి. చేతిలో నమ్మకమైన మందు పెట్టుకుని ప్రయోగానికి ఎందుకు వెళ్ళావని ఇంట్లోవాళ్ళు గట్టిగానే అడిగారు. నా లెక్క వేరు. ‘నమ్మకమైన మందు’ అన్నమాట ఈ రోగంలో చాలా వదులుగా వాడతాం. 2019లో అచ్చయిన వార్సిటీ అనే ట్రయల్‌లో ఈ రోగానికి ఆమోదం పొందిన రెండు మందుల్ని, వెడోలిజుమాబ్‌ని, అడాలిముమాబ్‌ని, నేరుగా పోటీ పెట్టారు. 52వ వారానికి రోగం అదుపులోకి వచ్చినవాళ్ళు మొదటి మందుతో 31.3 శాతం, రెండో దానితో 22.5 శాతం. గెలిచిన మందు కూడా వందలో దాదాపు డెబ్భైమందికి ఆ మెట్టు ఎక్కించలేకపోయింది. పైగా, చాలా ట్రయల్స్‌లాగే నేను చేరబోయే ట్రయల్‌లోనూ ఇన్ని రకాల మందులు విఫలమైతే చేర్చుకోం అనే షరతు ఉంది. ఆమోదం పొందిన మందులు రేపు కూడా ఉంటాయి. ఈ తలుపు మాత్రం ఇంకో మందు విఫలమైతే మూసుకుపోతుంది.

సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని చదివాను. ఈ ప్రక్రియ అంతటిలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది దాని మీదే, పెట్టాల్సింది కూడా దాని మీదే అని ఇప్పటికీ అంటాను. ఏ ట్రయల్ పత్రంలోనైనా భయపెట్టే పేజీ దుష్ప్రభావాలదే అనుకుంటాం. నన్ను ఆపింది వేరే పేజీ. చేరినవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో నాకూ తెలియదు, డాక్టర్ గారికీ తెలియదు. ‘ఇందులో పాల్గొనడం వల్ల మీకు వ్యక్తిగతంగా ఏ ప్రయోజనమూ కలగకపోవచ్చు’ అని పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. అలవాటుగా పెట్టే వాక్యం కాబోలు అనుకుని దాటేయకండి. ఇది నా చికిత్స కోసం పెట్టిన ఏర్పాటు కాదు, మందు గురించి ఒక ప్రశ్నకి జవాబు రాబట్టే ఏర్పాటు. ఈ సంగతి మొదట్లోనే ఒంటికి పట్టించుకున్నాను కాబట్టే తర్వాత జరిగినవి తట్టుకోగలిగాను.

ఇన్ని మందులు ఉండగా ఇంకా ఉత్తి మాత్ర ఇవ్వడం ఏం న్యాయం అని ఆస్పత్రిలో ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ని అడిగాను. ఆవిడ నర్సుగా చాలాకాలం పనిచేసిన మనిషి, ప్రశ్నకి చిరాకు పడలేదు. "ఉత్తి మాత్రతో ఎంతమందికి తగ్గుతుందో చూశారా?" అని ఎదురు అడిగారు. చూడలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి అల్సరేటివ్ కొలైటిస్‌లో ఆమోదం తెచ్చిపెట్టిన యాక్ట్-1 ట్రయల్ 2005లో అచ్చయింది. ఎనిమిదో వారానికి తక్కువ డోసు మందు తీసుకున్నవాళ్ళలో 69.4 శాతం మందికి మెరుగైతే, ప్లాసిబోతో 37.2 శాతం మందికి మెరుగైంది. ఈ రోగం తనంతట తాను ఎగసి తనంతట తాను చల్లబడే రకం. ఎగసిన సమయంలోనే మనం డాక్టర్ దగ్గరికి వెళ్తాం కాబట్టి, ఏమీ ఇవ్వకపోయినా కొందరికి తగ్గుతుంది. పోల్చి చూడటానికి ఆ గుంపు లేకపోతే ఏ పిండి మాత్రనైనా ‘వందలో ముప్ఫై ఏడుగురికి గుణమిచ్చింది’ అని అమ్మేయొచ్చు. వైద్యుల మాటలకన్నా ఆ ఒక్క అంకె నన్ను ఒప్పించింది. పరిస్థితి దిగజారితే ఎప్పుడైనా బయటికి వచ్చి మామూలు చికిత్స తీసుకోవచ్చన్న షరతు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. సంతకం పెట్టాను.

(ఈ రోగానికి ఇలాంటి పరీక్ష కొత్తదేమీ కాదు. 1955లో ట్రూలవ్, విట్స్ అనే బ్రిటిష్ వైద్యులు 210 మంది రోగుల మీద కార్టిసోన్‌ని ఉత్తి మందుతో పోల్చి చూశారు. రోగం తీవ్రంగా ఉందా లేదా అని తేల్చడానికి రోజుకి ఆరుసార్లు, ఆపైన రక్త విరేచనాలు, జ్వరం, వేగంగా కొట్టుకునే నాడి లాంటి కొలతలు వాళ్ళు పెట్టినవే. ఆస్పత్రుల్లో ఇవాళ కూడా ఆ కొలతలు వాడుతున్నారు.)

స్క్రీనింగ్, అంటే చేర్చుకునే ముందు చేసే పరీక్షల గురించి నాకున్న ఊహ, జరిగినదీ పూర్తిగా వేరు. ట్రయల్‌లో చేరడానికి ఆరోగ్యంగా ఉండాలి, అదే సమయంలో తగినంత రోగం కూడా ఉండాలి. ఈ రెండూ కుదరడం చిన్న విషయం కాదు. టీబీ లోపల దాగి ఉందేమోనని రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్షలు, ఈసీజీ. మలంలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ బ్యాక్టీరియా ఉందేమో చూశారు. అది ఉంటే కొలైటిస్ ఎగసినట్టే కనిపిస్తుంది, అసలు కారణం ఇన్‌ఫెక్షన్ అవుతుంది. అజాథయోప్రిన్ ఆపించారు. స్టెరాయిడ్ డోసు పెంచకూడదు, తగ్గించకూడదు, ఉన్నచోటే ఉంచాలన్నారు. పాత మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలి కాబట్టి కొన్ని వారాలు ఆగమన్నారు. నా అనుభవంలో అన్నిటికన్నా కష్టమైనవి ఆ వారాలే. సమ్మతి పత్రంలో ‘వాషౌట్’ అని ఒక్క లైను ఉంటుంది. ఆ ఒక్క లైనులో రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం, ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేచిపోవడం, హిమోగ్లోబిన్ పడిపోవడం అన్నీ ఉన్నాయి. చేరాలనుకునేవాళ్ళు ఆ వారాలు ఎన్నో ముందే అడిగి, ఆ సమయంలో సెలవు దొరుకుతుందో లేదో చూసుకోండి.

తర్వాత డైరీ. రోజూ ఫోన్‌లో రెండే ప్రశ్నలు: ఎన్నిసార్లు మోషన్‌కి వెళ్ళారు, రక్తం ఎంత. రోగం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే మేయో స్కోరు అనే కొలతకి ఇవి ముడిసరుకు. ఒక్కో అంశానికి సున్నా నుంచి మూడు. మోషన్ల లెక్క మామూలు కన్నా ఎన్ని ఎక్కువ అన్నదాని మీద ఆధారపడుతుంది. ఒకటి రెండు ఎక్కువైతే 1, మూడు నాలుగైతే 2, అయిదు, ఆపైన అయితే 3. ‘మామూలు’ అంటే రోగం రాకముందు నాకు ఎన్ని? ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ రోగం తర్వాత మామూలు అంటే ఏమిటో మర్చిపోతాం.

అన్నిటికీ మించిన మెట్టు సిగ్మాయిడోస్కోపీ. పెద్దపేగు చివరి భాగంలోకి కెమెరా పంపి లోపలి పొర చూస్తారు. సున్నా అంటే మామూలు పొర, 3 అంటే పుండ్లు, దానంతటదే కారే రక్తం. చేరడానికి కనీసం 2 రావాలి. మా డాక్టర్ గారు చూసి 2 అన్నారు. అక్కడితో అయిపోలేదు. వీడియోని ఎక్కడో ఉన్న మరో నిపుణుడికి పంపారు. ఆయనకి నేను ఎవరో తెలియదు, నా బాధ తెలియదు, వీడియో మాత్రమే చూస్తారు. మొదట ఇది అవమానంలా తోచింది, నా డాక్టర్ మాట చాలదా అని. దీని వెనక ఉన్న కథ తెలిశాక అభిప్రాయం మారింది. 2013లో అచ్చయిన ఒక మెసలమైన్ ట్రయల్‌లో వీడియోలన్నీ బయటి నిపుణుడితో మళ్ళీ చదివించారు. స్థానిక డాక్టర్లు రోగం చురుగ్గా ఉందని చేర్చుకున్నవాళ్ళలో 31 శాతం మందికి అంత రోగం లేదని తేలింది. వాళ్ళని పక్కన పెట్టి లెక్కిస్తే, అప్పటిదాకా కనిపించని మందు ప్రభావం స్పష్టంగా బయటపడింది. డాక్టర్లు అబద్ధం చెప్పారని కాదు. ఎదురుగా బాధపడుతున్న మనిషి ఉంటే ఎవరి చెయ్యి అయినా ఒక అంకె పైకి రాస్తుంది.

ఆ నిపుణుడి జవాబు వచ్చేదాకా టెన్షన్. నా పేగు బాగోలేదని ఎవరైనా చెప్తే బాగుండునని కోరుకున్న సందర్భం నా జీవితంలో అదొక్కటే. ఆయనా 2 అన్నారు.

రాండమైజేషన్ రోజున, అంటే ఎవరికి మందు, ఎవరికి ఉత్తి మాత్ర అని లాటరీలా తేల్చే రోజున, ఏదో జరుగుతుందనుకుంటాం. ఏమీ జరగలేదు. కోఆర్డినేటర్ కంప్యూటర్‌లో నా నంబరు కొట్టారు, అది ఒక డబ్బా నంబరు చెప్పింది, ఆ డబ్బా నా చేతిలో పెట్టారు.

తర్వాతి ఎనిమిది వారాల్లో నేను చేసిన పని ఒకటే, ఊహించకుండా ఉండటం. తలనొప్పి వస్తే మందేనేమో, రాకపోతే పిండేనేమో. ఇలాంటి ఊహలకి అంతు ఉండదు, పైగా అవి డైరీలో రాసే అంకెల్ని పాడుచేస్తాయి. మందు అందుతోందని నమ్మినవాడికి రక్తం కాస్త తక్కువగానే కనిపిస్తుంది. అందుకే మోషన్ అవగానే రాసేసేవాణ్ణి, రాత్రి దాకా ఆగి గుర్తు తెచ్చుకునే పని పెట్టుకోలేదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష కూడా చేసేవారు. పేగు వాపు ఉన్నచోటికి చేరే తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్ అది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు, 250 దాటితే వాపు ఉందని సాధారణంగా అనుకుంటారు. ఆ ఫలితాలు మాకు చూపించేవారు కాదు, డాక్టర్ గారికీ పంపేవారు కాదు. అది చూస్తే ఎవరికి మందు అందుతోందో పసిగట్టొచ్చు కదా. మామూలుగా ప్రతి రిపోర్టూ చేతికి తీసుకునే నాకు ఇది చాలా చికాకు పెట్టిన విషయం.

అయిదో వారం నుంచి రక్తం తగ్గింది. ఆరో వారంలో రాత్రి లేవడం ఆగింది. ఎనిమిదో వారం సిగ్మాయిడోస్కోపీలో 1 వచ్చింది. వాళ్ళ భాషలో నేను ‘రెస్పాండర్’. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నేను పడలేదు, ఎందుకంటే పత్రంలో తర్వాతి పేజీ నాకు గుర్తుంది.

మెరుగైనవాళ్ళని మళ్ళీ లాటరీ వేస్తారు. మందుతో బాగుపడ్డవాళ్ళలో కొందరికి మందు కొనసాగుతుంది, కొందరికి ఉత్తి మాత్రకి మారుస్తారు. రోగం దింపే శక్తి వేరు, దింపాక నిలబెట్టే శక్తి వేరు కాబట్టి రెండో ప్రశ్నకి విడిగా జవాబు కావాలి. వెడోలిజుమాబ్‌కి చేసిన జెమిని-1 ఇలాంటిదే. ఆరు వారాల్లో బాగుపడ్డవాళ్ళని మళ్ళీ విడదీస్తే, 52వ వారానికి ఎనిమిది వారాలకోసారి మందు కొనసాగినవాళ్ళలో 41.8 శాతం మంది, ప్లాసిబోకి మారినవాళ్ళలో 15.9 శాతం మంది అదుపులో ఉన్నారు. కాగితం మీద చూస్తే అందమైన పద్ధతి. బాగుపడ్డ మనిషిగా దాని ముందు నిలబడటం మాత్రం వేరు. బయటికి వచ్చేద్దామా అని నిజంగా ఆలోచించాను. వస్తే ఆ మాత్ర ఇంకెక్కడా దొరకదు. ఉంటే, మళ్ళీ ఎగసిన పక్షంలో ఖాయంగా మందే ఇచ్చే ఓపెన్ లేబుల్ విభాగంలోకి వెళ్ళే హక్కు ఉంటుంది. ఉండిపోయాను.

స్టెరాయిడ్‌ని వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ వచ్చారు. అది సున్నాకి చేరిన కొన్నాళ్ళకి మోషన్లు పెరిగాయి, నెల తిరిగేసరికి రక్తం. ఉత్తి మాత్ర వల్లనా, స్టెరాయిడ్ పోవడం వల్లనా, మందు నాకిక పనిచేయకపోవడం వల్లనా? ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. డాక్టర్ గారు నా మొహం చూసి, "నాకు తెలిసి ఉంటే మీకు అబద్ధం చెప్పాల్సి వచ్చేది. తెలియకపోవడమే నయం" అన్నారు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ వీడియో, మళ్ళీ ఆ కనిపించని నిపుణుడు. ఎగసిందని తేలాక ఓపెన్ లేబుల్‌లోకి మార్చారు. ఈసారి డబ్బా మీద మందు పేరు ఉంది.

ప్రస్తుతం ఆ మాత్రే వేసుకుంటున్నాను. రక్తం లేదు, స్టెరాయిడ్ లేదు. పోయినసారి కాల్‌ప్రొటెక్టిన్ 100కి కాస్త పైన ఉంది. ఈ విభాగంలో రిపోర్టు చూడనిస్తున్నారు. డాక్టర్ గారికి ఇది తృప్తిగానే ఉంది, నాకు ఇంకాస్త దిగితే బాగుండునని ఉంది. తర్వాతి కొలనోస్కోపీలో కొలతలతో పాటు క్యాన్సర్ ముందస్తు మార్పుల కోసం బయాప్సీలు కూడా తీస్తామన్నారు. రోగం మొదలై ఎనిమిదేళ్ళు దాటితే ఆ నిఘా తప్పనిసరి అట.

రెండో లాటరీలో నాకు ఏం పడిందో అన్ని దేశాల్లో ట్రయల్ ముగిసి, లెక్కలు మూసేశాక ఉత్తరం రాస్తామన్నారు. అది ఉత్తి మాత్ర అయి ఉంటే మందు నాకు పనిచేస్తుందన్న నమ్మకం పెరుగుతుంది. మందే అయి ఉంటే, ఇది కూడా ఇన్‌ఫ్లిక్సిమాబ్ దారి పడుతుందేమోనని ముందే వేరే మందు గురించి మాట్లాడుకోవాలి. ఆ మాట డాక్టర్ గారితో అప్పుడే అనేశాను, ఉత్తరం రాకముందే రెండో మందు ఏదో ఒకటి అనుకుని పెట్టుకుందామని. సరేనన్నారు.