సూది భయానికి ఒళ్ళు బిగించడమే మందు

సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోవడం పిరికితనమేనని నలభై దాటేదాకా నేనూ అనుకున్నాను. షుగరు వచ్చాక మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించమన్నారు. రెండేళ్ళు ఏదో ఒక సాకుతో తప్పించుకున్నాను. చివరికి కావలి నుంచి నెల్లూరు వెళ్ళి మానసిక వైద్యురాలికి చూపించుకుంటే, ఆమె మొదట అడిగింది ఒకటే: "పడబోయే ముందు గుండె దడదడలాడి, ఆ తర్వాత ఒక్కసారిగా నెమ్మదిస్తుందా?"

అదే ఈ జబ్బు గుట్టు. కుక్క, ఎత్తు, చీకటి అంటే భయపడేవాళ్ళకు బీపీ పెరుగుతుంది, వాళ్ళు పడిపోవడం అరుదు. రక్తం, సూది, గాయం దగ్గర మాత్రం బీపీ, గుండె వేగం మొదట పెరిగి, ఆనక వేగస్ నరం (మెదడు నుంచి గుండెకు వెళ్ళి దాన్ని నెమ్మదింపజేసే నరం) పనితో రెండూ దిగిపోతాయి. కాళ్ళలో రక్తనాళాలు వెడల్పై రక్తం కిందికి జారుతుంది, మెదడుకు చాలదు. చెవుల్లో హోరు, చల్లని చెమట, కడుపులో తిప్పడం, కళ్ళ ముందు చీకట్లు వరసగా వస్తాయి. "ఒళ్ళు వదులు చేసుకో" అని మంచి మనసుతో చెప్పే మాట మా బోటివాళ్ళకు చెరుపు చేస్తుంది. వదులైతే బీపీ ఇంకా దిగుతుంది, బిగిస్తే పెరుగుతుంది.

ఇలా పడిపోయే తత్వం కుటుంబాల్లో వస్తుంది. మా నాన్నకూ ఉంది. భయం మాత్రం నాకు మూడు దారుల్లో వచ్చింది. ఆర్‌ఎంపీ డాక్టరు స్టీలు డబ్బాలో గాజు సిరంజి మరగబెడుతుంటే ఆ చప్పుడు వింటూ కూర్చోవడం ఒకటి. నాన్న ముఖం పాలిపోవడం చూడటం రెండోది. మూడోది అన్నిటికంటే చెడ్డది: "మాటినకపోతే సూదేపిస్తా నీకు!" అన్నం తినకున్నా, అల్లరి చేసినా ఇదే మాట. పిల్లల మనసులో సూది వైద్యం కాకుండా శిక్ష అయి కూర్చుంటుంది. ఇలాంటి భయం చాలామందిలో పదేళ్ళలోపే మొదలవుతుంది.

దీనికి స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో రూపొందించిన పద్ధతినే నాకు నేర్పారు. కుర్చీలో కూర్చుని చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్ళ కండరాలు గట్టిగా బిగించాలి. ముఖంలో వేడి పుట్టేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు. తర్వాత 20 నుంచి 30 సెకన్లు మామూలుగా కూర్చోవాలి. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక వరస. రోజుకు ఐదు వరసలు, వారం పాటు. బీపీ ఎక్కువున్నవాళ్ళు, గర్భిణులు, ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

నేను చేసిన తప్పులూ చెబుతాను. ఊపిరి బిగబట్టాను, తలనొప్పి వచ్చింది. బిగింపు వదిలేటప్పుడు పూర్తిగా చతికిలబడ్డాను, కళ్ళు తిరిగాయి. సూది గుచ్చే చేతిని కూడా బిగించాను, రక్తనాళం దొరకలేదు. ఆ చెయ్యి వదులుగా ఉంచి మిగతా ఒళ్ళే బిగించాలి.

వారం తర్వాత భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే మెట్లు మొదలయ్యాయి. సిరంజి ఫొటో, రక్తం తీసే వీడియో, స్పిరిట్ దూది వాసన, చేతికి రబ్బరు పట్టీ, ల్యాబులో ఊరికే కూర్చోవడం, ఆఖరికి నిజం సూది. భయానికి పదికి ఎంతో మార్కు వేసుకుంటూ, అది సగానికి తగ్గేదాకా ఆ మెట్టు దగ్గరే ఉండాలి. మధ్యలో లేచి పారిపోతే కలిగే హాయే భయానికి మేత. వీడియో మెట్టు దగ్గర నాకు తొమ్మిది రోజులు పట్టింది. తొందరపడి ఉంటే మొదటికొచ్చేది.

పరీక్షకు అరగంట ముందు అర లీటరు మంచినీళ్ళు తాగుతాను. పరగడుపు పరీక్షకైనా మంచినీళ్ళు తాగొచ్చు. తీసేది ఐదారు మిల్లీలీటర్లు, ఒంట్లో ఉండేది దాదాపు ఐదు లీటర్లు. ఈ లెక్క నాకు చాలా పనికొచ్చింది. పోయిన మూడు పరీక్షలూ కూర్చునే ఇచ్చాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళే వీల్లేనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో పిల్లలుంటే ఐదేళ్ళ డీపీటీ బూస్టరుకు ముందు "నొప్పెయ్యదు" అనకండి, అది అబద్ధం. "చీమ కుట్టినట్టుంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోద్ది" అని చెప్పి, పక్కనే కూర్చుని మీరూ లెక్కపెట్టండి.