పీసీవీ 11: మా చిన్నిని దక్కించుకున్న తీరు

కుక్కకు రక్తం తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే పెదవి పైకెత్తి చిగుళ్లు చూడాలి. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మా చిన్నికి సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. అది మా వీధిలో పుట్టి మా ఇంట్లో పెరిగిన కుక్క, 16 కిలోలుంటుంది. తిండి ముట్టలేదు, కదలకుండా పడుకున్నా ఆయాసపడుతోంది, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. తెల్లారేదాకా ఆగే పరిస్థితి కాదనిపించి, విజయవాడలో రాత్రిపూట కూడా కేసులు చూసే ఒక పెట్ క్లినిక్‌కి ఆటోలో తీసుకెళ్లాం.

ఆక్సిజన్ పెట్టి, వెంటనే పీసీవీ చూశారు. రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం ఉన్నాయో చెప్పే పరీక్ష అది. కుక్కలకు 37 నుంచి 55 దాకా ఉండాలి. చిన్నికి 11 ఉంది. రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి చూస్తే ఎర్రకణాల లోపల బెబీసియా కనిపించింది. గోమార్లు కుట్టినప్పుడు ఎక్కే పరాన్నజీవి ఇది. ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. పైగా ఒంట్లోని రక్షణ వ్యవస్థే తన ఎర్రకణాల మీద తిరగబడేలా చేస్తుంది.

మావారు ఐరన్ టానిక్ సంగతి అడిగారు. "ఇది ఐరన్ లోటు కాదు సార్. ఉన్న కణాలే పగిలిపోతున్నాయి. మందు పట్టేదాకా తట్టుకోవాలంటే ఇప్పుడు రక్తం ఎక్కించాలి, దాత కుక్కను వెతకండి" అన్నారు డాక్టరు గారు.

కుక్కకు కుక్క రక్తమే కావాలి. ఆ వేళప్పుడు ఎక్కడ దొరుకుతుంది? తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాం. దాత 25 కిలోలు దాటి ఉండాలి, ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసు, టీకాలన్నీ పడి ఉండాలి, గోమారి జ్వరం లేదని పరీక్షలో తేలాలి. పక్క వీధిలో ఉండే ఇంజనీరింగ్ అబ్బాయి ఫోన్ చేశాడు. "మా సీజర్ 34 కిలోలుంటాడు ఆంటీ, తీసుకొస్తున్నా." ఆ మాట విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

అప్పటికింకా చేయాల్సింది చాలా ఉంది. సీజర్ రక్తాన్ని పరీక్షించారు, చిన్ని రక్తంతో కలిపితే కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయేమో చూశారు. అంతకుముందు ఎప్పుడూ రక్తం ఎక్కించుకోని కుక్కకు మొదటిసారి ప్రమాదం తక్కువేనట. అయినా ఈ పరీక్ష వదలకూడదన్నారు. సీజర్ మెడ దగ్గర బొచ్చు తీసి, మనుషులకు వాడే 350 మిల్లీలీటర్ల బ్యాగులోకి రక్తం తీశారు. ఆ అబ్బాయి తల నిమురుతూ ఉంటే వాడు కదలకుండా పడుకున్నాడు.

మొదటి అరగంట చుక్క చుక్కగా చాలా నెమ్మదిగా ఎక్కించారు. రియాక్షన్ వస్తే ముందే తెలియాలని ఒంటి వేడి, గుండె వేగం మాటిమాటికీ చూశారు. వాంతి, వణుకు, మొహం వాయడం, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే వెంటనే చెప్పమని నన్ను పక్కనే కూర్చోబెట్టారు. తర్వాత వేగం పెంచి నాలుగు గంటల లోపు పూర్తి చేశారు. మళ్లీ చూస్తే పీసీవీ 21.

రక్తం ఎక్కగానే చిన్ని లేచి నీళ్లు తాగింది గానీ, జబ్బు ఇంకా ఒంట్లోనే ఉంది. ఇది తప్పక తెలుసుకోవాల్సిన విషయం. పరాన్నజీవి జన్యుపదార్థాన్ని బట్టి అది ఏ రకమో చెప్పే పీసీఆర్ పరీక్షలో అది బెబీసియా గిబ్సోనై అని తేలింది. వేరే రకం బెబీసియాకు ఇచ్చే ఇంజెక్షన్ దీనికి సరిగా పనిచేయదు. అందుకే అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ అనే రెండు మందులు కలిపి 10 రోజులు ఇచ్చాం. అటోవాక్వోన్ ఒంటికి పట్టాలంటే కొవ్వున్న తిండితోనే పెట్టాలి. మామూలు మందుల షాపుల్లో దొరక్క, ఆర్డరు పెట్టి తెప్పించాం. ఇంట్లో రోజూ చిగుళ్లు చూసుకుంటూ, నిద్రలో ఊపిరి లెక్కపెడుతూ గడిపాం. నిమిషానికి 30 దాటితే ఫోన్ చేయమన్నారు. దాటలేదు.

గోమార్లు కుక్క ఒంటిమీదే ఉండవు, గోడ పగుళ్లలో, మంచాల కింద గుడ్లు పెడతాయి. అందుకని చిన్నికి మాత్ర వేయించడంతో పాటు ఇంటికి కూడా మందు కొట్టించాం. చికిత్స అయ్యాక 60, 90 రోజులకు మళ్లీ పీసీఆర్ చేయించమన్నారు. మొదటిది నెగటివ్ వచ్చింది, రెండోది చేయించాలి. రెండూ నెగటివ్ వచ్చినా చిన్ని ఇక ఎప్పుడూ రక్తం ఇవ్వకూడదు.

మీ ఇంట్లో 25 కిలోలు దాటిన ఆరోగ్యమైన కుక్క ఉంటే, రక్తం ఇవ్వడానికి పనికొస్తుందేమో ఈసారి టీకాకి వెళ్లినప్పుడు డాక్టరును అడగండి. పనికొస్తుందంటే మీ నంబరు అక్కడ రాసి రండి.