లాకు కోసం కాచుకున్న శనివారం

నాన్న, అమ్మ మా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల జలపాతాలు, గులాబీ తోట, సముద్ర తీరం అన్నీ చూపించాం. నాన్న అన్నిటినీ మెచ్చుకున్నారు గానీ ఇంటికొచ్చాక మళ్లీ వాటి ఊసెత్తలేదు. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయన, కొలంబియా నది మీద బోనవిల్ అనే చోట డ్యామ్ ఉందని, పక్కనే, నీటిమట్టం పెంచుతూ తగ్గిస్తూ పడవలను దాటించే లాకు కూడా ఉందని అన్నారు. నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇంకా పడవలు దాటుతున్నాయా?" అని అడిగారు. చిన్నప్పుడు కాలువ పడవల్లో తిరిగి, ధవళేశ్వరం లాకుల దగ్గర గంటల తరబడి కూర్చున్న మనిషి ఆయన. ఆ మాటతో వచ్చే శనివారం ఎక్కడికి వెళ్లాలో తేలిపోయింది.

సెప్టెంబరు రెండో వారం. పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుగా 84వ నంబరు హైవే మీద సుమారు 40 మైళ్లు వెళ్లాలి. దిగాల్సిన ఎగ్జిట్ నంబరు కూడా 40. ప్రవేశ రుసుము లేదు. గేటు దగ్గర కాపలా మనిషి కారు ఆపి, ఆయుధాలు ఏమైనా ఉన్నాయా అని అడిగి, డిక్కీ చూసి పంపించాడు. సందర్శకుల కేంద్రం నది మధ్యలోని బ్రాడ్‌ఫర్డ్ ద్వీపం మీద ఉంది. అక్కడికి వెళ్లే రోడ్డు లాకును దాటుకుంటూ పోతుంది. పడవ వస్తే ఆ వంతెన పక్కకు తిరిగి దారి ఇస్తుంది, అంతవరకూ కార్లు ఆగాలి. వంతెన మీద నుంచి నాన్న అద్దంలోంచి కిందికి చూసి, "అబ్బో, ఇది లాకు కాదు, లోయ" అన్నారు.

నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పాలి. రెండు గంటల్లో అన్నీ చూసేసి, మధ్యాహ్నానికి ఇంకో చోటికి వెళ్లేలా ప్రణాళిక వేశాను. లాకు రైల్వే స్టేషన్ లాంటిది కాదు. బార్జీలనే సరుకు పడవలు ఎప్పుడు వస్తే అప్పుడే అది పనిచేస్తుంది. నాన్న చూడాలనుకున్నది నీళ్లతో నిండిన కాంక్రీటు తొట్టిని కాదు, పడవ దిగడాన్ని. ఆ సంగతి ముందే ఆలోచించి ఉండాల్సింది. లోపలికి వెళ్లగానే బల్ల దగ్గరున్న రేంజరును, అంటే అక్కడి ఉద్యోగినిని, పడవ ఎప్పుడు వస్తుందని అడిగితే, ఎగువ నుంచి ఒక టగ్గు, అంటే బార్జీలను నెట్టే పడవ, బార్జీలతో వస్తోందని, గంటన్నర పట్టవచ్చని చెప్పింది. మీరు వెళ్తే మొదట అడగాల్సిన ప్రశ్న అదే. జవాబును బట్టి మిగతావన్నీ ముందు వెనుకలు చేసుకోవచ్చు. మధ్యాహ్నపు కార్యక్రమాన్ని అక్కడికక్కడే రద్దు చేశాం.

ఆ గంటన్నరలో చేపల దగ్గరికి వెళ్లాం. భవనంలో అన్నిటికంటే కింది అంతస్తుకు లిఫ్టు ఉంది కాబట్టి అమ్మ మోకాళ్లకు ఇబ్బంది కాలేదు. గోడకు పెద్ద పెద్ద గాజు కిటికీలు, వాటి వెనుక ఆకుపచ్చని నీళ్లు, ఆ నీళ్లలో ఎదురీదే సాల్మన్ చేపలు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన ఏటికే తిరిగి వస్తాయివి. దారిలో ఈ డ్యామ్ అడ్డం. అందుకే కట్టినప్పుడే పక్కన చేపల మెట్లు కట్టారు. అవి వరుసగా చిన్న చిన్న నీటి తొట్లు, ఒక్కోటీ కిందిదాని కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. చేపలు ఒకదాని నుంచి ఒకదానికి ఎక్కుతూ 60 అడుగులకు పైగా ఎత్తు దాటి పై నీటిలో చేరతాయి. నదిలో అడుగుపెట్టాక అవి మేత మానేస్తాయని అక్కడి బోర్డు మీద చదివి, అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి, ఒంటి మీద గాయాలున్న ఒక పెద్ద చేపను చాలాసేపు చూసింది. "ఉపవాసం ఉండి కొండ ఎక్కుతున్నట్టే" అంది.

సెప్టెంబరు ఇక్కడ చినూక్ సాల్మన్ల కాలం. 1938 నుంచి ఈ మెట్ల దగ్గర చేపలను లెక్కపెడుతున్నారు, అదీ మనుషులే. చీకటి గదిలో కిటికీ ముందు కూర్చుని, దాటిన ప్రతి చేప జాతినీ గుర్తుపట్టి మీట నొక్కుతారు. 2013 సెప్టెంబరు 9న ఒక్కరోజే 63 వేలకు పైగా చినూక్‌లు దాటాయట. ఇది విన్నాక ఎనిమిదేళ్ల మా పాప తన నోటుపుస్తకం తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టింది. గాజుకు నోటితో అతుక్కుని సేద తీరే లాంప్రే అనే పాములాంటి చేపను కూడా లెక్కలో వేయాలా వద్దా అని తాతతో పెద్ద చర్చ జరిగింది. చివరికి దానికి వేరే పేజీ కేటాయించారు.

జూన్‌లో వస్తే షాడ్ అనే చేపలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయని రేంజరు చెప్పింది. గోడ మీది బొమ్మలో ఆ వెండి పొలుసులు, ఆ నోరు చూసి నాన్న వెంటనే "ఇది మన పులసకు చుట్టం" అన్నారు. నిజమే, పులస కూడా షాడ్ జాతిదే. అదీ సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీది వచ్చేదే. ఆ మాటతో అమ్మకు ఆ గది ఒక్కసారిగా దగ్గరైపోయింది.

పాప అడిగిన ఒక ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. "పెద్ద చేపలు మెట్లెక్కి వెళ్తాయి, సరే. పిల్లలు కిందికి ఎలా వస్తాయి?" కొన్ని మిగులు నీటిని వదిలే స్పిల్‌వే మీదుగా, కొన్ని వాటి కోసం కట్టిన మళ్లింపు దారుల్లో, కొన్ని కరెంటు తీసే టర్బైన్లలోంచి వస్తాయని రేంజరు దాచకుండా చెప్పింది. టర్బైన్లలోంచి వచ్చేవన్నీ బతకవు. కరెంటుకు చెల్లించిన మూల్యంలో చేపలే కాదు, మనుషులూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒప్పందాల్లో యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ అనే ఇక్కడి ఆదివాసీ జాతులు తమ పాత చోట్లలో చేపలు పట్టుకునే హక్కును అట్టేపెట్టుకున్నాయి. ఆ చోట్లలో కొన్ని ఈ డ్యామ్ జలాశయం కిందికి వెళ్లిపోయాయి. పవర్‌హౌస్ గొప్పతనం చూసే ముందు ఇవి చదవాలని నా అభిప్రాయం. పిల్లలకు చెప్పడానికి భయపడనక్కర లేదు, వాళ్లకు బాగానే అర్థమవుతుంది.

సందర్శకుల కేంద్రం పైకప్పు మీది నుంచి డ్యామ్ మొత్తం కనిపిస్తుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో మొదలుపెట్టారు. 1937 సెప్టెంబరు 28న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రారంభోత్సవం చేశారు. లోయలో గాలి మాత్రం మనిషిని నెట్టేసేంత, పెద్దవాళ్లకు చెవులు కప్పుకోవడానికి ఏదైనా తీసుకెళ్లండి. పవర్‌హౌస్ లోపలికి మేము వెళ్లలేదు, టగ్గు దగ్గరపడుతోందని తెలిసింది.

లాకు దగ్గర కంచె వెనుక నిలబడ్డాం. పొడవు 675 అడుగులు, వెడల్పు 86. తొట్టి నిండుగా ఉంది. నాలుగు బార్జీలను ముందు పెట్టుకుని వెనుక నుంచి టగ్గు నెట్టుకొస్తోంది. పక్క గోడకు ఎక్కడా రాసుకోకుండా అంత పొడవునూ లోపలికి ఒదిగించడం చూసి నాన్న చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఈ నది మీద కిందికి వెళ్లే బార్జీల్లో ఎక్కువగా గోధుమలు ఉంటాయి, ఐడహో రాష్ట్రంలోని లూయిస్టన్ దాకా ఈ జలమార్గం సాగుతుంది. సిబ్బంది తాళ్లు బిగించారు. వెనుక తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంది.

"తాతయ్యా, మోటార్లు పెట్టి తోడుతున్నారా?" అని పాప అడిగింది.

"తోడటం లేదు తల్లీ. అడుగున తూములు తెరిచారు. పైనున్న నీళ్లకు దారి ఇస్తే కిందికి అవే పోతాయి. పడవను పైకెక్కించాలంటే పై నుంచి నీళ్లు వదులుతారు. ఇంతటి పనికీ నది బరువే ఆధారం."

గోడ మీద తడి గీత కనిపించింది, మెల్లగా వెడల్పైంది. టగ్గు పైకప్పు మా కాళ్ల కిందికి దిగింది. ఆ తర్వాత దాని జెండా కొస కూడా. నీరు దిగింది 60 అడుగులే అనుకుని ఫోనులో లెక్క వేస్తే, ఆ కాసేపట్లో ఖాళీ అయిన నీరు దాదాపు పది కోట్ల లీటర్లు. తలుపులు రెండు రెక్కలూ ఎదురు నీటి వైపు మొన తేలి ఎందుకు కలుస్తాయో కూడా నాన్నే చెప్పారు: నీరు ఎంత నెడితే అవి అంత గట్టిగా బిగుసుకుంటాయి. కింద నీరు సమానం అయ్యాక, కింది తలుపులు చప్పుడు లేకుండా విచ్చుకున్నాయి. టగ్గు మీదున్న ఒకాయన పైకి చూసి చెయ్యి ఊపాడు. నాన్న రెండు చేతులూ ఊపారు.

ఇది 1993లో తెరిచిన కొత్త లాకు. పాతది 76 అడుగుల వెడల్పు, 500 అడుగుల పొడవే. పైనున్న డ్యామ్‌ల లాకులన్నీ దానికంటే పెద్దవి కావడంతో, అక్కడ ఒకేసారి దాటిన బార్జీల వరుసను ఇక్కడ విడదీసి దాటించాల్సి వచ్చేదట. కొత్తది కట్టింది అందుకే.

తిరుగు ప్రయాణానికి ముందు, ఇంకో నాలుగు మైళ్లు తూర్పున ఉన్న క్యాస్కేడ్ లాక్స్ అనే ఊరికి వెళ్లాం. డ్యామ్ రాక ముందు అక్కడ నది రాళ్ల మధ్య ఉరవడిగా దూకేది. ఆవిరి పడవలు దాన్ని తప్పించుకుని వెళ్లడానికి 1896లో కాలువ, లాకు పూర్తిచేశారు. 1938లో డ్యామ్ నీరు నిండి ఆ ఉరవడి మునిగిపోయింది, లాకుకు పని లేకుండా పోయింది. ఊరి పేరు మాత్రం మిగిలింది, గోడలూ మిగిలాయి. అక్కడి వంతెన కింద నది జాతుల వాళ్లు తాము పట్టిన సాల్మన్ అమ్ముతుంటే, అమ్మ మొప్పలు ఎత్తి చూసి ఒకటి ఎంచింది.

పాత లాకు గోడ పక్కన కూర్చుని పాప తన లెక్క తేల్చింది. సాల్మన్ 41, లాంప్రే 3. పుస్తకం తాతకు ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కింద తెలుగులో రాశారు: లాకు 1, బార్జీలు 4, టగ్గు 1.